గ్రూపులో పేర్లు నాలుగు, పని ఒక్కరిది: ఇంటర్నల్ మార్కుల గొడవలో ఎవరూ అడగని ప్రశ్న

2024 నవంబరు 28న తెలంగాణ విద్యాశాఖ ఒక ఉత్తర్వు ఇచ్చింది. పదో తరగతిలో ఒక్కో సబ్జెక్టుకు ఉన్న 20 ఇంటర్నల్ మార్కులు ఎత్తేసి, 100 మార్కులకూ పబ్లిక్ పరీక్షే పెడతామన్నది దాని సారాంశం. విద్యా సంవత్సరం సగం గడిచాక ఈ మార్పేంటని గోల కావడంతో మర్నాడే సవరణ వచ్చింది. ఆ ఏడాదికి పాత పద్ధతే ఉంటుందని, 2025-26 నుంచి కొత్తది అమలవుతుందని చెప్పారు. తీరా 2025 ఆగస్టుకి వచ్చేసరికి 2025-26లో కూడా 80-20 పద్ధతే అన్నారు. పిల్లలూ, తల్లిదండ్రులూ, టీచర్లూ ఊపిరి పీల్చుకున్నారు. అంతటితో చర్చ ఆగిపోయింది.

నిజానికి అక్కడే చర్చ మొదలవ్వాల్సింది. ఆ 20 మార్కులు ఉండాలా, పోవాలా అని అందరూ మాట్లాడారు. ఆ 20 మార్కుల పేరుతో మన పిల్లలు తరగతిలో ఏం చేస్తున్నారు అని మాత్రం ఎవరూ అడగలేదు.

నిర్మాణాత్మక మూల్యాంకనం, అంటే మన ఇళ్ళల్లో అందరూ 'ఎఫ్ఏ' అని పిలిచేది, నాలుగు భాగాలుగా ఉంటుంది. తరగతిలో పిల్లల భాగస్వామ్యం, వాళ్ళ ప్రతిస్పందనలు ఒకటి. రాత పనులు రెండోది. ప్రాజెక్టు పని మూడోది. లఘు పరీక్ష, అంటే స్లిప్ టెస్టు, నాలుగోది. రాసిపెట్టుకున్న ఆలోచన చాలా మంచిది. బిడ్డ నోరు తెరిచి ప్రశ్న అడిగితే దానికీ విలువ ఉండాలి, నలుగురితో కలిసి ఒక పని చేస్తే దానికీ విలువ ఉండాలి అన్నదే దాని ఉద్దేశం. మరి ఆచరణలో ఏమవుతోంది?

హిమాయత్‌నగర్, నారాయణగూడ, కింగ్ కోఠి, ఆబిడ్స్ వైపు ఏ స్టేషనరీ షాపు దగ్గరైనా ఎఫ్ఏల సీజన్లో రాత్రి తొమ్మిదింటికి కాసేపు నిలబడి చూడండి. "భయ్యా, దో చార్ట్ దేనా, స్కెచ్ పెన్ భీ దేనా" అంటూ స్కూటీ ఆపే అమ్మీలు, థర్మాకోల్ షీటు చంకలో పెట్టుకుని ఆటో ఎక్కే అబ్బాలు కనిపిస్తారు. మర్నాడు పొద్దున ప్రాజెక్టు ఇచ్చెయ్యాలి. గ్రూపులో నలుగురమ్మాయిలు ఉంటారు. చేతిరాత బాగున్న అమ్మాయి రాస్తుంది. ఇంట్లో ప్రింటర్ ఉన్న అమ్మాయి బొమ్మలు తెస్తుంది. మూడో అమ్మాయి చార్టు డబ్బులిస్తుంది. నాలుగో అమ్మాయి పేరు కింద ఉంటుంది, అంతే. మార్కులు మాత్రం నలుగురికీ ఒకటే. రాసిన అమ్మాయికి కోపం, పేరు మాత్రమే ఉన్న అమ్మాయికి చిన్నతనం. పాఠం మాత్రం నలుగురిలో ఒక్కరికీ పూర్తిగా రాదు. ఎందుకంటే రాసినది ఇంటర్నెట్‌లోంచి దింపుకున్నది.

ఇంటర్నల్స్ మీద ఉన్న ఆరోపణ మనకు తెలియనిది కాదు. చాలా బళ్ళలో చేసినా చెయ్యకపోయినా 20కి 20 పడతాయంటారు. అందులో నిజం ఎంతో కొంత ఉంది కాబట్టే ప్రభుత్వం ఎత్తేద్దామనుకుంది. కానీ ఎత్తేస్తే నష్టపోయేది ఎవరో ఒక్కసారి ఆలోచించాలి. మూడు గంటలు కూర్చుని రాయగల పిల్లలకు వచ్చిన ఇబ్బంది ఏమీ లేదు. ఇంట్లో ఉర్దూ, బడిలో ఇంగ్లిషు, పరీక్షలో ద్వితీయ భాష తెలుగు అంటూ మూడు భాషల మధ్య నలిగే బిడ్డకు, తరగతిలో నోరు తెరిచే అవకాశం ఇచ్చేది ఆ చిన్న భాగమే. అది సరిగ్గా జరగడం లేదు కాబట్టి తీసేద్దాం అనడం, రోటీ మాడిందని పెనం పారేసినట్టు ఉంటుంది.

గ్రూపుగా కూర్చోవడం వేరు, కలిసి నేర్చుకోవడం వేరు

బీఈడీ, టెట్ పుస్తకాల్లో 'సహకార అభ్యసనం' అని ఒక మాట ఉంటుంది. పరీక్ష కోసం బట్టీ పట్టే మాటగానే అది చాలామందికి తెలుసు. దాని వెనక యాభై ఏళ్ళ పని ఉంది. అమెరికాలో మిన్నెసోటా విశ్వవిద్యాలయానికి చెందిన డేవిడ్ జాన్సన్, రోజర్ జాన్సన్ అనే అన్నదమ్ములు దీనికి ఐదు లక్షణాలు చెప్పారు. అన్నీ ఇక్కడ ఏకరువు పెట్టను. ముఖ్యమైనవి రెండు. ఒకటి, నా పని నువ్వు లేకుండా పూర్తి కాకూడదు, నీ పని నేను లేకుండా పూర్తి కాకూడదు. రెండు, చివర్లో నాకు వచ్చిందా లేదా అన్నదానికి నేనొక్కణ్ణే జవాబు చెప్పాలి. ఈ రెంటిలో మొదటిది లేకపోతే నలుగురూ పక్కపక్కన కూర్చుని ఎవరి పని వాళ్ళు చేసుకుంటారు. రెండోది లేకపోతే ఒకరు మోస్తారు, ముగ్గురు ఊరేగుతారు. పైన చెప్పిన చార్టు ప్రాజెక్టులో రెండూ లేవు.

ఇది మన దేశపు జబ్బు మాత్రమే అనుకోనక్కర్లేదు. 1970ల చివర్లో ఇంగ్లండులో మారిస్ గాల్టన్, ఆయన సహచరులు ప్రాథమిక పాఠశాలల్లో నెలల తరబడి కూర్చుని చూశారు. పిల్లలు బల్లల చుట్టూ గుంపులుగానే కూర్చున్నారు. పని మాత్రం ఎక్కువ భాగం ఎవరిది వాళ్ళు ఒంటరిగా చేసుకున్నారు. కుర్చీలు తిప్పినంత మాత్రాన చదువు తిరగదు.

విచిత్రమేమిటంటే సరిగ్గా ఆ తర్వాతే, 1983 ప్రాంతంలో, బ్రిటన్ సాయంతో ఉమ్మడి రాష్ట్రంలో ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా ప్రాజెక్టు మొదలైంది. 1990ల మధ్య దాకా నడిచింది. ఇప్పుడు రిటైరైన సెకండరీ గ్రేడ్ టీచర్లను అడిగితే ఆ శిక్షణలు గుర్తుంటాయి. ఆ ప్రాజెక్టు ఆరు సూత్రాలు పెట్టుకుంది. వ్యక్తిగతంగా, గ్రూపుగా, తరగతి మొత్తంగా పని చేయించడం వాటిలో ఒకటి. పిల్లలు చేసినవి గదిలో ప్రదర్శించడం ఇంకొకటి. కాబట్టి గ్రూపు వర్క్ అనేది నిన్న మొన్న కార్పొరేట్ బడి కనిపెట్టిన ఫ్యాషను కాదు, మన సర్కారీ బడికి నలభై ఏళ్ళ నాటి చుట్టం. కేంద్ర ప్రభుత్వం 2020లో తెచ్చిన జాతీయ విద్యా విధానం కూడా తోటి పిల్లల చేత చెప్పించడాన్ని ప్రోత్సహించాలంటుంది. కాగితం మీద కొరత ఎప్పుడూ లేదు.

ఆస్టిన్ నగరంలో ఒక మెక్సికన్ పిల్లాడు

మన పాఠకులకు అన్నిటికంటే దగ్గరగా అనిపించే కథ 1971లో టెక్సస్ రాష్ట్రంలోని ఆస్టిన్ నగరంలో జరిగింది. అప్పటిదాకా తెల్లవాళ్ళ పిల్లలు ఒక బడిలో, నల్లవాళ్ళ పిల్లలు ఇంకో బడిలో, మెక్సికన్ కుటుంబాల పిల్లలు మరో బడిలో చదివేవారు. కోర్టుల ఒత్తిడితో అందరినీ ఒకే తరగతిలో కూర్చోబెట్టారు. కలిపి కూర్చోబెడితే కలిసిపోతారనుకున్నారు. జరిగింది వేరు. కొట్లాటలు మొదలయ్యాయి. బడి యాజమాన్యం ఇలియట్ అరాన్సన్ అనే సైకాలజీ ప్రొఫెసర్ని పిలిచింది.

ఆయన, ఆయన విద్యార్థులు తరగతుల్లో కూర్చుని చూసి ఒక మాట పట్టుకున్నారు. టీచర్ ప్రశ్న అడుగుతుంది, ఆరుగురు చేతులెత్తుతారు, ఒకరిని పిలుస్తుంది, మిగతా ఐదుగురు నిట్టూరుస్తారు. పిలిపించుకున్నవాడు తప్పు చెప్పాలని మనసులో కోరుకుంటారు. అంటే ఇద్దరు పిల్లల మధ్య స్నేహం కుదరకుండా చేస్తున్నది రంగు ఒక్కటే కాదు, తరగతి నడిచే తీరు కూడా. ఈ సీను చదువుతుంటే మన ఐఐటీ ఫౌండేషన్ సెక్షన్లు గుర్తు రావడం లేదూ?

అరాన్సన్ చేసింది చాలా సులువైన పని. పాఠాన్ని ముక్కలు చేసి, గ్రూపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇచ్చాడు. నీ ముక్క నీ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. నువ్వు చెప్తేనే మిగతావాళ్ళకు తెలుస్తుంది. చివర్లో అందరికీ పాఠం మొత్తం మీద విడివిడిగా పరీక్ష ఉంటుంది. బొమ్మ ముక్కలు పేర్చే ఆటలాంటిది కాబట్టి దీనికి 'జిగ్‌సా' అని పేరొచ్చింది.

ఆ గ్రూపుల్లో ఒక పిల్లాడు ఉన్నాడు. అరాన్సన్ అతన్ని కార్లోస్ అని వేరే పేరుతో పిలుస్తాడు. ఇంట్లో స్పానిష్, ఇంగ్లిషు నత్తి నత్తిగా వస్తుంది. నోరు తెరిస్తే నవ్వుతారని వాడు మాట్లాడడం మానేశాడు. టీచర్ కూడా వాణ్ణి ఇబ్బంది పెట్టడం ఎందుకని పిలవడం మానేసింది. ఇద్దరి మధ్యా మాటల్లేని ఒప్పందం. ఆమెది దయే, కానీ ఆ దయ వల్లే వాడు నేర్చుకోవడం ఆగిపోయింది. జిగ్‌సాలో వాడికి జోసెఫ్ పులిట్జర్ జీవితంలోని నడి వయసు భాగం వచ్చింది. చెప్పబోయి తడబడ్డాడు. మిగతా పిల్లలు ఎగతాళి చేశారు. అప్పుడు అక్కడున్న సహాయకురాలు తిట్టలేదు, నీతి చెప్పలేదు. మీరిలా నవ్వుకోవచ్చు గానీ పులిట్జర్ నడి వయసులో ఏం చేశాడో దానివల్ల మీకు తెలియదు, పరీక్ష దగ్గరపడింది అని గుర్తు చేసింది. అంతే. కొద్ది రోజుల్లో వాళ్ళు వాణ్ణి మెల్లగా ప్రశ్నలడిగి రాబట్టడం నేర్చుకున్నారు. వారాలు గడిచేసరికి వీడు తెలివితక్కువవాడు కాదని వాళ్ళకు అర్థమైంది. ఏళ్ళ తర్వాత ఆ కుర్రాడు అరాన్సన్‌కి ఉత్తరం రాశాడు. హార్వర్డ్ లా స్కూల్లో సీటు వచ్చిందని అందులో ఉంది.

ఒక్క ఉత్తరంతో ఏ పద్ధతీ రుజువు కాదు, అది వేరే సంగతి. కానీ ఆ మాటల్లేని ఒప్పందం మన బళ్ళలో ఎన్ని బెంచీల మధ్య నడుస్తోందో ఆలోచించండి. తెలుగు పీరియడ్‌లో ఉర్దూ ఇంటి బిడ్డ తల వంచుకుని కూర్చుంటుంది, "పాపం, వీళ్ళకి తెలుగు రాదు" అని టీచరమ్మ ముందుకు వెళ్ళిపోతుంది. తెలుగును తప్పనిసరి చేస్తూ 2018లో చట్టం వచ్చింది. సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ లాంటి బోర్డుల బళ్ళకు కూడా 'వెన్నెల' అనే సులభ తెలుగు వాచకం పెడుతూ 2025లో ఆదేశాలిచ్చారు. పుస్తకం సులభం చేస్తే చాలదు. ఆ భాషలో ఒక ముక్కైనా ఇంకొకరికి చెప్పాల్సిన అవసరం పుట్టాలి. అది పుట్టించేది ఇలాంటి పద్ధతే.

మూసీ పాఠం ఇలా చెప్పొచ్చు

ఎలా చేస్తారో ఒక ఉదాహరణ తీసుకుందాం. ఎనిమిదో తరగతి, 48 మంది పిల్లలు. పాఠం మన మూసీ వరద. నలుగురు చొప్పున 12 గ్రూపులు.

మొదటి ముక్క: 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద. సుమారు 15 వేల మంది చనిపోయారని లెక్క. అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉస్మానియా ఆస్పత్రిలో ఉంది. రెండో ముక్క: ఆ మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం పిలిపించిన ఇంజనీరు మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఏం సూచించాడు, వరద నీటిని నగరానికి పైనే ఆపాలని ఎందుకన్నాడు. మూడో ముక్క: 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్, 1927లో పూర్తయిన హిమాయత్‌సాగర్. ఒకటి మూసీ మీద, ఒకటి ఈసీ మీద. (ఏడో నిజాం పెద్ద కొడుకు హిమాయత్ అలీ ఖాన్ పేరే ఆ చెరువుకూ, మన హిమాయత్‌నగర్‌కూ ఉంది. ఇక్కడి పిల్లల్లో ఎంతమందికి తెలుసో మరి!) నాలుగో ముక్క: 1912లో ఏర్పడ్డ సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు, ఆపైన 2025 సెప్టెంబరు చివర్లో రెండు జలాశయాల గేట్లు ఎత్తాక ఎంజీబీఎస్ బస్టాండులోకి నీళ్ళొచ్చిన సంగతి.

ఒక్కో ముక్క అర పేజీకి మించకూడదు. మొదట ఐదు నిమిషాలు ఎవరి ముక్క వాళ్ళు చదువుకుంటారు. తర్వాత ఒకే ముక్క ఉన్నవాళ్ళు ఒకచోట చేరతారు. ఒక్కో ముక్కకు 12 మంది ఉంటారు కాబట్టి వాళ్ళను మళ్ళీ నలుగురు చొప్పున మూడు జట్లు చెయ్యాలి, లేకపోతే సంత అవుతుంది. ఇక్కడే అసలు మేలు ఉంది. తెలుగు తడబడే బిడ్డ తన గ్రూపుకి వెళ్ళి చెప్పేలోపు, అదే ముక్క ఉన్న ముగ్గురితో కలిసి ఒకసారి చెప్పి చూసుకుంటుంది. అక్కడ "అరే, యే జలాశయం బోలేతో తాలాబ్ నా?" అని దక్కనీలో అడిగినా తప్పు లేదు. అర్థం ఏ భాషలో అయినా రానివ్వండి, తిరిగి వెళ్ళి చెప్పేది మాత్రం పాఠం భాషలో చెప్పాలి. దీనికి పది, పన్నెండు నిమిషాలు. తర్వాత సొంత గ్రూపులో ఒక్కొక్కరు మూడేసి నిమిషాలు చెప్తారు. చివరి పది నిమిషాలు స్లిప్ టెస్టు. మాట్లాడుకోకూడదు, ఎవరి కాగితం వాళ్ళది.

ఆ టెస్టులో ఒక ప్రశ్న నాలుగు ముక్కలూ తెలిస్తే తప్ప రాయలేనిదై ఉండాలి. వరద ఆపడానికి కట్టిన జలాశయాలు ఉండగా 2025లో బస్టాండులోకి నీళ్ళు ఎందుకొచ్చాయి లాంటిది. దీనికి ఇంటర్నెట్‌లోంచి దింపుకునే జవాబు లేదు. చార్టు అక్కర్లేదు, థర్మాకోల్ అక్కర్లేదు, అమ్మీ రాత్రి తొమ్మిదింటికి బజారుకి వెళ్ళక్కర్లేదు.

గోల మాత్రం ఉంటుంది. అపార్ట్‌మెంటు లాంటి భవనంలో, ప్లైవుడ్ అడ్డుగోడ అవతల ఇంకో తరగతి నడిచే బళ్ళలో 48 మంది ఒకేసారి మాట్లాడితే పక్క సార్ ఊరుకోడు. బెంచీలు కదలవు. అలాంటి చోట ముందు బెంచీ పిల్లలు వెనక్కి తిరిగి కూర్చుంటే నలుగురి గ్రూపు తయారవుతుంది. అదీ కుదరకపోతే ఇద్దరితో మొదలుపెట్టొచ్చు. 1981లో మేరీలాండ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఫ్రాంక్ లైమన్ చెప్పిన పద్ధతి ఇదే. ముందు ఒక్కడివే ఆలోచించు, తర్వాత పక్కవాడితో మాట్లాడు, ఆ తర్వాత అందరికీ చెప్పు. టీచర్లు ప్రశ్న అడిగాక జవాబు కోసం సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతారని మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు గమనించింది. మూడు సెకన్లు ఆగితేనే జవాబుల పొడవు, నాణ్యత పెరిగాయి, ఎప్పుడూ మాట్లాడని పిల్లలూ మాట్లాడారు. మూడు సెకన్లకు బడ్జెట్ అక్కర్లేదు.

తక్రార్, దౌర్: మనకు తెలిసిన పద్ధతే

ఇదంతా అమెరికా సరుకు అనుకునేవాళ్ళు మన మదర్సాల వైపు చూడాలి. దర్సె నిజామీ చదివే తలబాకు 'తక్రార్' కొత్త మాట కాదు. ఉస్తాద్ పొద్దున చెప్పిన సబక్‌ని సాయంత్రం నలుగురైదుగురు చుట్టూ కూర్చుని మళ్ళీ చెప్పుకుంటారు. ఒకడు ఉస్తాద్ స్థానంలో కూర్చుని మొత్తం పాఠం చెప్తాడు, మిగతావాళ్ళు అడ్డుపడి అడుగుతారు. రంజాన్‌కి ముందు హాఫిజులు ఇద్దరిద్దరు కూర్చుని 'దౌర్' చేస్తారు, ఒకరు చదివితే ఒకరు వింటారు, తర్వాత మారతారు. తరావీహ్‌లో ఇమాం వెనక సామే నిలబడతాడు. ఎక్కడ ఆయత్ తప్పినా లుక్మా ఇస్తాడు. తప్పు చూపించడం అవమానం కాదు, అతని బాధ్యత అన్న అలవాటు మనకు శతాబ్దాలుగా ఉంది. మరి అదే కుటుంబం నుంచి వచ్చిన బిడ్డ బడిలో పక్కవాడి లెక్క తప్పయితే నవ్వుతుంది, లేకపోతే నోట్‌బుక్ మూసి దాచుకుంటుంది. ఎందుకు?

తక్రార్‌లో ఒక లోపం కూడా ఉంది. చాలాచోట్ల ఎప్పుడూ తెలివైన తాలిబ్ ఒక్కడే చెప్తాడు. నోరీన్ వెబ్ అనే పరిశోధకురాలు గ్రూపుల్లో పిల్లల మాటల్ని ఏళ్ళ తరబడి పరిశీలించి తేల్చిన విషయం ఇక్కడ పనికొస్తుంది. ఎందుకు, ఎలా అని విడమరిచి చెప్పే బిడ్డ ఎక్కువ నేర్చుకుంటుంది. ఉత్త జవాబు మాత్రం అందుకున్న బిడ్డకు పెద్దగా ఏమీ రాదు. అంటే టాపర్ పక్కన కూర్చోబెట్టి "వాణ్ణి చూసి రాసుకో" అనడం వల్ల లాభం లేదు. పైగా చెప్పేవాడికే లాభం ఎక్కువ కాబట్టి, చెప్పే అవకాశం వంతుల వారీగా అందరికీ రావాలి. "మా అమ్మాయి ర్యాంకర్, మిగతావాళ్ళకు చెప్పడంలో తన టైం వేస్టు" అని వాదించే తల్లిదండ్రులకు కూడా జవాబు ఇదే. చెప్పడం వల్ల మీ అమ్మాయికి నష్టం లేదు. అయితే ఎప్పుడూ తనే చెప్పాల్సి రావడం, తనే రాయాల్సి రావడం అన్యాయమే. వాళ్ళ కోపంలో న్యాయం ఉంది.

మైనారిటీ గురుకులాలు, అంటే 2016లో మొదలై తర్వాత 204కి పెరిగిన టీఎంఆర్‌ఈఐఎస్ బళ్ళు, దీనికి అనువైన చోటు. పిల్లలు అక్కడే ఉంటారు, సాయంత్రం స్టడీ అవర్ ఉంటుంది. ఆ గంటలో నిశ్శబ్దంగా పుస్తకం ముందు కూర్చోబెట్టే బదులు వారానికి రెండు రోజులు వంతుల వారీ తక్రార్ పెడితే ఖర్చేమీ లేదు. మన మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ చుట్టుపక్కల చిన్న బళ్ళలో పద్మనాభరావు, రమ దంపతులు దశాబ్దాల క్రితమే ఇలాంటిది చేసి చూపించారు. ఒకే టీచరు, ఒకే గదిలో రకరకాల వయసుల పిల్లలు. టీచరు సాయంతో నేర్చుకునే గుంపు ఒకటి, తోటి పిల్లల సాయంతో నేర్చుకునేది ఒకటి, ఒంటరిగా చేసుకునేది ఇంకొకటి. ఏ బిడ్డ ఏ మెట్టు మీద ఉందో గోడ మీది నిచ్చెన పటం చూస్తే తెలిసిపోతుంది. కర్ణాటకలో 'నలి కలి'కి, తమిళనాడులో కృత్యాధార బోధనకు ఆ నమూనాయే ఆధారం. పక్క రాష్ట్రాలు తీసుకెళ్ళాయి.

మార్కులు ఎవరికి వెయ్యాలి?

గొడవంతా ఇక్కడే ఉంది. గ్రూపు మొత్తానికి ఒకే మార్కు వెయ్యడం తప్పు. సహకార అభ్యసనానికి ప్రచారం చేసిన స్పెన్సర్ కేగన్ కూడా 1995లో గ్రూపు మార్కులకు వ్యతిరేకంగా గట్టిగా రాశాడు. వాడి కష్టం నా మార్కు కాకూడదు, నా బద్ధకం వాడి శిక్ష కాకూడదు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ స్లేవిన్ దీనికి ఒక మధ్యే మార్గం చూపించాడు. నలుగురూ కలిసి చదువుతారు, పరీక్ష విడివిడిగా రాస్తారు. ప్రతి బిడ్డా తన పాత సగటు కంటే ఎంత పెరిగిందో దాన్ని బట్టి గ్రూపుకి పాయింట్లు వస్తాయి. ఎప్పుడూ 8 తెచ్చుకునే బిడ్డ 11 తెస్తే, అది గ్రూపుకి పండగ. ఎప్పుడూ 18 తెచ్చేది 18 దగ్గరే ఉంటే గ్రూపుకి అంత రాదు. దాంతో వెనకబడిన బిడ్డ గ్రూపుకి భారం కాదు, ఆశ అవుతుంది. ఆ పాయింట్లు చప్పట్లకు, నోటీసు బోర్డులో పేరుకు పనికొస్తాయి, మార్కుల మెమోలోకి రావు. గ్రూపుకి ఒక లక్ష్యం, ప్రతి ఒక్కరికీ విడి జవాబుదారీ ఈ రెండూ ఉన్నప్పుడే ఫలితాలు బాగా వచ్చాయని, ఒకటి తగ్గినా లాభం బాగా తగ్గిపోయిందని స్లేవిన్ సమీక్షలు చెప్తున్నాయి.

దీన్నిబట్టి చూస్తే మన 20 మార్కుల్ని ఎత్తెయ్యాల్సిన పని లేదు. మార్చాల్సింది ఒకటే. ప్రాజెక్టు పనిని ఇంటికి పంపకూడదు. బడిలోనే, పీరియడ్ లోపలే జరగాలి, దాని మీద ప్రతి బిడ్డా విడిగా రెండు ప్రశ్నలకు నోటితోనో రాతతోనో జవాబు చెప్పాలి, మార్కు దానికే వెయ్యాలి. చార్టు అందానికి మార్కు లేదని చెప్పాలి. బషీర్‌బాగ్‌లో ఎల్బీ స్టేడియం ఎదురుగా ఉన్న ఎస్‌సీఈఆర్‌టీ, అంటే మన హిమాయత్‌నగర్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఆఫీసు, ఒక సర్క్యులర్‌తో ఇది చెయ్యగలదు. తనిఖీకి కూడా సులువే. ఇప్పుడు అధికారులు వచ్చి చార్టులు లెక్కపెడుతున్నారు. వాటి బదులు పిల్లల స్లిప్ టెస్టు కాగితాలు చూస్తే, అందరూ ఒకే వాక్యాలు రాశారో లేదో పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

బడిలోనే జరగాలి అనడానికి మన ఇళ్ళకు సంబంధించిన కారణం ఇంకొకటి ఉంది. గ్రూపు ప్రాజెక్టు పేరుతో సాయంత్రం పూట ఎవరో ఒకరింటికి వెళ్ళాలంటే ఆడపిల్లలున్న చాలా ఇళ్ళల్లో పంపరు. దూరం ఉంటుంది, తీసుకెళ్ళి తీసుకొచ్చే మనిషి ఉండడు, తెలియని ఇల్లు. ఫోన్లో వాట్సాప్ గ్రూపు పెట్టుకోమంటే అందరికీ సొంత ఫోన్ లేదు, ఉండాలని కూడా మనం కోరుకోవడం లేదు. రాని అమ్మాయి పేరు గ్రూపులో ఉండి పని లేకుండా పోతోంది, చివరికి "వాళ్ళింట్లో పంపరులే" అని తనను గ్రూపులోకే తీసుకోరు. ఆ అమ్మాయి చెయ్యలేక కాదు, సమయం, చోటు తనకు కుదరక మిగిలిపోయింది. పీరియడ్ లోపల జరిగే గ్రూపు పనిలో ఈ ఇబ్బంది ఉండదు. అబ్బాయిలు, అమ్మాయిలు కలిసిన బళ్ళలో గ్రూపులు విడివిడిగా వేసినా పద్ధతికి వచ్చే లోటేం లేదు. చదువులో, భాషలో రకరకాల పిల్లలు ఒక గ్రూపులో కలవడం ముఖ్యం. మిగతాది బడీ, తల్లిదండ్రులూ మాట్లాడుకుని తేల్చుకునే విషయం.

పేరెంట్స్ మీటింగులో మనం సాధారణంగా ఎన్ని మార్కులొచ్చాయని అడిగి, ఫీజు కట్టి వచ్చేస్తాం. ఈసారి ఎఫ్ఏ తర్వాత వెళ్ళినప్పుడు టీచరమ్మను మర్యాదగానే ఇంకో మూడు మాటలు అడగండి. ప్రాజెక్టులో మా అమ్మాయి వంతు ఏది, దాని మీద తనను విడిగా ఏం అడిగారు, గ్రూపులు ఎన్నాళ్ళకొకసారి మారుస్తారు. జవాబు లేకపోయినా కోప్పడకండి. 48 మందికి ఒక్కరే టీచరు, పైన సిలబస్ పూర్తి చెయ్యాలన్న ఒత్తిడి, ఆవిడ ఇబ్బంది ఆవిడది. ఒక్క పాఠం, ఒక్క పీరియడ్ ఇలా చేసి చూడమని అడిగితే చాలామంది టీచర్లు ఒప్పుకుంటారు. ఇంటికొచ్చాక బిడ్డను "ఈరోజు ఏం చెప్పారు" అని కాకుండా, "ఈరోజు నువ్వు ఎవరికి ఏం చెప్పావు" అని అడిగి చూడండి.